గోరింటాకు మీద నెపం

బొమ్మనహళ్ళి,
24 జూన్ 2020

ప్రభకు,

క్షేమమని మొదలుపెట్టడానికి ఈ మధ్య చేయి రావడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను. మీ అన్న తిని పడుకున్నాడు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తలకు పోసుకుని, ఇప్పుడే కూర్చున్నాను. నువ్వెలా ఉన్నావో తెలియదు. ఆడ డాక్టర్లను కూడా ఆ నర్సుల హాస్టల్లోనే ఉంచేశారు, ఒకే ఊళ్ళో ఉండి మూడు నెలలుగా నీ మొహం చూడలేదు, ఇదేం ఖర్మో.

మీ అన్న రోజూ నీతో ఫోన్లో అరగంట మాట్లాడతాడు. ఏమందని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. నా చెవుల సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది! పన్నెండేళ్ళప్పుడు టైఫాయిడ్‌తో పోయాయి. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకుంది. సూపర్‌వైజర్ మాస్కులోంచి ఏదో అరుస్తాడు. కోపంగా ఉన్నాడని కళ్ళు చూస్తే తెలుస్తుంది, ఎందుకో తెలియదు. మొన్న "ఏం చెప్పినావప్పా, ఇంగోసారి చెప్పు" అంటే లైనంతా నవ్వారట. నాకంటూ ఫోనూ లేదు. అందుకే ఈ ఉత్తరం. మీ ఆసుపత్రి దుప్పట్లు మా వెనక వీధిలోనే ఉతుకుతారు. వాటిని వ్యానులో తెచ్చి ఇచ్చే నాగప్ప ఉత్తరాలు కూడా చేరవేస్తానన్నాడు. నువ్వూ అతని చేతికే ఇవ్వు.

మేం చొక్కాలు మానేసి ఇప్పుడు డాక్టర్లు వేసుకునే తెల్ల సూట్లు కుడుతున్నాం. టోపీ అతికేది నేను. ఒక్కటైనా నీ దాకా వస్తుందని గట్టిగా రెండు కుట్లు ఎక్కువే వేస్తున్నాను.

ఆషాఢం వచ్చింది. కింద ఇంటి ఓనరు పెద్దమునియప్ప పెరట్లో గోరింట చెట్టు ఉంది కదా, మొన్న కోసుకొచ్చి నూరి పది వేళ్ళకూ పెట్టుకున్నాను. మీ అమ్మ పోయాక ఎనిమిదేళ్ళ పిల్లవు నా దగ్గరికొచ్చావు. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడే అంటే, నాకొద్దు, డాక్టరవుతానని పచ్చిగా ఉండగానే కడిగేసుకున్నావు. మాట నిలబెట్టుకున్నావులే, రెండు విధాలా.

వేళకు తిను.

నీ వదిన
అనసూయ


నర్సుల హాస్టల్,
29 జూన్ 2020

వదినా,

నీ ఉత్తరం దుప్పట్ల మూట మీద కూర్చుని వచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను, నీ పుణ్యమా అని.

ఆ సూట్లు కుట్టేది నువ్వేనని తెలిస్తే ముందే తిట్టేదాన్ని! నాకది ఇద్దరు పట్టే సైజు. నడుముకు టేపు చుట్టుకుంటాను, కాళ్ళ దగ్గర మడిచి ఇంకో టేపు. టోపీ కళ్ళ మీదికి జారిపోతుంది. పేషెంటు చేతిలో నరం వెతుకుతూ తల వెనక్కి విదిలించుకుంటూ ఉంటాను. నాతో పనిచేసే అభిజిత్‌కు అదే సూటు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. "డాన్స్ చేస్తున్నావా ప్రభా?" అని నవ్వుతాడు. ఒకసారి వేసుకుంటే ఆరేడు గంటలు విప్పకూడదు. మంచినీళ్ళు లేవు, బాత్రూమ్ లేదు. నెలసరి రాకుండా మాత్రలు మింగుతున్నాం, నేనూ, మిగతా ఆడ డాక్టర్లూ, నర్సులూ. ఇది మూడో నెల. తలనొప్పి, వికారం. డ్యూటీలు వేసేవాళ్ళతో ఈ మాట ఎలా అనాలో మాకెవరికీ తెలియలేదు. అడగాలని వాళ్ళకూ తోచలేదు.

నాకు ఒక వారం వార్డు, ఒక వారం ఫోను. ఫోను డ్యూటీ అంటే, కార్పొరేషన్ తరఫున, జ్వరమొచ్చి ఇంట్లోనే ఉంటున్నవాళ్ళను రోజూ పలకరించి, ఎలా ఉన్నారో రాసుకోవడం. లిస్టులో ఆడవాళ్ళ పేర్ల పక్కనున్న నంబర్లన్నీ వాళ్ళ మొగుళ్ళవే. ఆమెకివ్వండి అంటే ఇవ్వరు. నిన్న ఒకాయన "ఏమీ లేదు డాక్టరమ్మా, ఆరాముగా ఉండాది, వంట చేస్తా ఉండాది" అన్నాడు. జబ్బు మనిషి పొయ్యి దగ్గర నిలబడి ఉందని గొప్పగా చెప్పుకుంటున్నాడు! నేను వదలను. ఆమె గొంతు వింటేగానీ ఒక్క అక్షరం రాసుకోను. మగవాళ్ళు జ్వరమొచ్చిన రెండో రోజుకే ముగ్గుర్ని వెంటేసుకుని వార్డుకొస్తారు. ఆడవాళ్ళు ఎనిమిదో రోజున ఒంటరిగా ఆటోలో వస్తారు, అప్పటికి మాట పెగలదు.

దీనితో ఒక చిన్న మీటరు పంపుతున్నాను. బట్టలారేసే క్లిప్పులా ఉంటుంది. వేలికి పెట్టుకుంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. తొంభై ఐదు, ఆపైన ఉంటే దిగులు లేదు. తగ్గితే వెంటనే నాకు తెలియాలి. ఒక్క మాట, నీ గోరింటాకు వేళ్ళకు మాత్రం పెట్టకు. రంగుంటే తక్కువ చూపిస్తుంది, చూసి హడలిపోతావు. అన్నకు ఫోన్లో కూడా చెప్పాను.

నీ
ప్రభ


బొమ్మనహళ్ళి,
5 జులై 2020

ప్రభకు,

సూటు గురించి మా కటింగ్ మాస్టర్‌ను అడిగాను, కాగితం మీద రాయించుకుని మరీ. కొలత ఒక్కటే వచ్చిందట. "డాక్టరంటే మగోని కొలతే కదమ్మా" అని రాశాడు. నువ్వు నడుముకు టేపు చుట్టకు, బిగుసుకుపోయి కూర్చోలేవు. భుజం దగ్గర లోపలికి మడిచి పిన్నీసు పెట్టు, పొడుగంతా పైకి లేస్తుంది, టోపీ కూడా జారదు.

నీ మీటరు వచ్చిన రోజు మా ఇంట్లో తిరునాళ్ళే. మీ అన్న అరగంటకోసారి పెట్టుకుని తొంభై ఏడు, తొంభై ఎనిమిది అని మురిసిపోయాడు. నాకు పెడితే తొంభై ఒకటి. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. తర్వాత ఆయనకే గుర్తొచ్చింది, "నీ గోరింటాకు వల్లనే, ప్రభ చెప్పలేదా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అయితే పది వేళ్ళకూ రంగే కదా, నేనెక్కడ పెట్టుకోవాలి? కాలి వేలికి పెట్టుకోవచ్చా? మర్చిపోకుండా రాయి.

నాలుగు రోజులుగా నాకు నోట్లో రుచి తెలియడం లేదు. చారులో ఉప్పు రెండుసార్లు వేశానని మీ అన్న కంచం నెట్టేశాడు. నిన్నటి నుంచి ఆయనకు జ్వరం. మనిషి బెదిరిపోయి ఉన్నాడు, చూస్తే జాలేస్తోంది. ఎవరికి చూపించాలో నువ్వే చెప్పాలి.

నీ వదిన
అనసూయ


నర్సుల హాస్టల్,
8 జులై 2020

వదినా,

ఆదరాబాదరాగా రాస్తున్నాను. అన్నకు పాజిటివ్ వచ్చిందని నీకు తెలుసు. నిన్న అతన్ని మా ఆసుపత్రిలోనే చేర్పించాను. ఆక్సిజన్ తొంభై ఐదు. నిజానికి మంచం ఇచ్చేంత జబ్బు కాదు, కానీ ఇల్లు ఇరుకు, అతనికి షుగరు ఉంది, నేను బతిమాలి ఇప్పించాను. ఆ మంచం కోసం ఒకావిడ రెండు గంటలుగా కుర్చీలో కూర్చుని ఉంది, వెంట ఎవరూ లేరు. ఆమెను ఇంకో చోటికి పంపేశాం. ఇది ఎవరితోనూ అనకు.

నీకూ పాజిటివే అని ఇందాక తెలిసింది. అన్న చెప్పిన దాన్నిబట్టి నీకు జ్వరం లేదు, కాబట్టి ఇంట్లోనే ఉండు. గది దాటి రాకు. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఫ్యాక్టరీలో జబ్బు తిరుగుతోందని తెలిసి కూడా ఎందుకు వెళ్ళావు? అన్న గడప దాటలేదు. ఇంట్లోకి తెచ్చింది నువ్వే కదా. షుగరున్న మనిషిని పెట్టుకుని కాస్త ఆలోచించాల్సింది.

అన్న గురించి దిగులు పడకు. పూటకోసారి వెళ్ళి చూస్తున్నాను.

ప్రభ


బొమ్మనహళ్ళి,
10 జులై 2020

ప్రభకు,

నిన్న పొద్దున నాగప్ప నీ ఉత్తరాన్ని మెట్ల మీద పెట్టి వెళ్ళాడు. మధ్యాహ్నానికి జబ్బు వీధులని, ఎవరూ రాకుండా పోకుండా, మా వీధికీ అతని వీధికీ రేకులు కొట్టేశారు. వ్యాను కదలదట. ఇది రాసి కిటికీలో పెడతాను, రేకులు తీసినప్పుడు వస్తుంది.

ఇంట్లోకి తెచ్చింది నేనేనని రాశావు. తెచ్చి ఉంటాను. నేను కుట్టకపోతే నువ్వు ఏం వేసుకుని వార్డులోకి వెళ్తావని ఒక్కసారి అనిపించింది, అంతే. ఇంకేమీ రాయను. పూటకోసారి మీ అన్నను చూస్తున్నావట, సంతోషం.

పెద్దమునియప్ప భార్య రోజూ ఒక పళ్ళెం అన్నం మెట్ల మీద పెట్టి, గోడ మీద దెబ్బ కొట్టి పోతుంది. దెబ్బ నాకు వినిపించదని ఆమెకు గుర్తుండదు. కాకులు వాలితే తెలుస్తుంది నాకు, అన్నం వచ్చిందని. రెండు మెట్లు దిగి తెచ్చుకునేసరికి కూర్చోవాల్సి వస్తోంది. కార్పొరేషన్ వాళ్ళు రోజూ ఫోన్ చేసి కనుక్కుంటారని తలుపు మీద కాగితం అంటించారు. నంబరు మీ అన్నది. ఫోను ఆయన దగ్గర ఆసుపత్రిలో ఉంది!

మీటరు ఎనభై ఎనిమిది చూపిస్తోంది. గోరింటాకు వదలలేదు. కాలి వేలి సంగతి నువ్వు రాయలేదు. పెట్టి చూశాను కానీ సరిగ్గా పట్టదు, అంకె వచ్చి పోతుంది.

అనసూయ


నర్సుల హాస్టల్,
11 జులై 2020

వదినా,

నాగప్ప రావడం లేదు, అందుకని పోస్టులో వేస్తున్నాను. ఎప్పుడు అందుతుందో.

నీ కోపం నాకు అర్థమవుతూనే ఉంది. పోస్టులోనైనా జవాబు రాలేదంటే అలిగావన్నమాట. చిన్నప్పుడు కూడా నువ్వు అలిగితే అన్నం పెట్టేదానివి, మాట్లాడేదానివి కాదు. నా మాట తీరు బాగోలేదు, ఒప్పుకుంటాను. ఆ రోజు పద్నాలుగు గంటలు పనిచేసి రాశాను.

ఒక మంచి మాట. ఈ వారం నాది ఫోను డ్యూటీ, నీ పేరు నా లిస్టులోనే పడింది! ఎవరో కాదు, నేనే నిన్ను కనిపెట్టుకుని ఉన్నాను. నీతో మాట్లాడలేను కాబట్టి రోజూ అన్నను అడుగుతున్నాను. "మీ వదినకేమి, బాగుండాది, గట్టి మనిషి" అంటాడు. మీటరు మాత్రం తక్కువ చూపిస్తోందని అన్నాడు, గోరింటాకు వల్లే అని నేనే ధైర్యం చెప్పాను.

అన్న రేపో ఎల్లుండో నడక మొదలుపెడతాడు. అలక మాని రెండు ముక్కలు రాయి.

నీ
ప్రభ


బొమ్మనహళ్ళి,
13 జులై 2020

ప్రభా,

అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకో. ఆయాసం లేదు. నొప్పి లేదు. ఊరికే నిద్ర వస్తోంది. నిన్న కాకులు వాలినా లేవలేదు.

ఎనభై నాలుగు. గోళ్ళ మొదట్లో కొత్తగా పెరిగిన చోట రంగు లేదు కదా, అక్కడ నేరేడు పండు రంగు కనిపిస్తోంది. మిగతాదంతా ఎర్రగానే ఉంది. ఇది కూడా ఆకు వల్లేనా? నువ్వు హడలిపోవద్దన్నావని హడలిపోలేదు.

మీ అన్న పంచెలు ఉతకలేదు. వచ్చాక


నర్సుల హాస్టల్,
28 జులై 2020

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిన్న నాగప్ప వచ్చాడు. పెద్దమునియప్ప భార్య కిటికీలోంచి తీసి ఇచ్చిందని నీ ఉత్తరాలు రెండూ తెచ్చాడు. నిలబడే చదివాను. పదమూడో తేదీది సగంలో ఆగిపోయింది. వెంటనే అన్నకు ఫోన్ చేశాను. అతను ఇంటికెళ్ళి పదకొండు రోజులయింది, రోజూ నాతో మాట్లాడుతున్నాడు, రోజూ నువ్వు నిద్రపోతున్నావన్నాడు. నేను అరిస్తే అప్పుడు చెప్పాడు, "పద్నాలుగో తేదీనే ఆంబులెన్సులో తీసుకుపోయినారు. నీకు చెప్తే గాబరా పడతావని చెప్పలేదు. ముందు బాగుండాదంటిని కదా, మళ్ళీ ఎట్ల చెప్పేది?" అని.

నువ్వు ఆసుపత్రిలో చేరిన పదమూడు రోజులకు నాకు తెలిసింది, వదినా. నేను డాక్టర్నట.

చెప్పాల్సింది చెప్పేస్తాను. ఎవరి మొగుడు ఫోనెత్తినా ఆమెకివ్వమని పట్టుబట్టేదాన్ని, నీకు రాశాను కూడా. నీ పేరు వచ్చేసరికి పట్టుబట్టలేదు, ఎందుకంటే ఫోనెత్తింది మా అన్న. వేరేవాళ్ళ మొగుళ్ళు అబద్ధమాడతారు, మా అన్న ఆడడని నా లెక్క. పైగా అతను మా ఆసుపత్రిలోనే, నేను కూర్చున్న గదికి రెండంతస్తుల కింద మంచం మీద పడుకుని, బొమ్మనహళ్ళిలో ఉన్న నిన్ను గురించి చెబుతున్నాడు. అది నాకు వింతగా తోచలేదు. నీ పేరుకు ఎదురుగా ఆరు రోజులు 'నిలకడగా ఉంది' అని కొట్టింది నా వేళ్ళే.

గోరింటాకు సంగతి కూడా విను. గోళ్ళ రంగు వేసుకుంటే మీటరు తప్పు చూపవచ్చని ఎక్కడో చదివాను. గోరింటాకును అందులో కలిపింది నేనే. నిన్న పుస్తకాలు తిరగేశాను. ఎర్రగా పండిన ఆకు వల్ల అంత తేడా రాదు. నువ్వు చూసిన ప్రతి అంకే నిజం.

మీ వార్డుకు ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు నువ్వు నిలకడగా ఉన్నావన్నాడు. ఈ వారం నాకు సెలవు ఇవ్వడం లేదు. అభిజిత్‌కు జ్వరం, అతని పనీ నా మీదే ఉంది. దొరికిన రోజు వస్తాను. ఈ ఉత్తరం ఇంటికే పోస్టు చేస్తున్నాను, నువ్వు తిరిగొచ్చి చదవాలి.

నన్ను మన్నించానని ఒక్క ముక్క రాయి. అది వస్తేగానీ నేను ఫోనెత్తి ఇంకొకరిని ఎలా ఉన్నారని అడగలేను.

ప్రభ


బొమ్మనహళ్ళి,
9 ఆగస్టు 2020

ప్రభకు,

ఇంటికొచ్చి అయిదు రోజులయింది. నీ రెండు ఉత్తరాలూ విప్పకుండా గూట్లో ఉన్నాయి. జులై పదకొండున రాసింది ముందు చదివాను. నేను అలిగాననుకున్నావు. పోనీలే.

ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. పళ్ళెంలో అన్నం రెండు రోజులు అలాగే ఉండేసరికి పెద్దమునియప్ప భార్య పైకొచ్చి చూసిందట. ఆంబులెన్సు మొదట పోయిన ఆసుపత్రిలో వెంట ఎవరొచ్చారని అడిగారు, ఎవరూ లేరని తెలిసి దింపుకోలేదు. రెండో చోట దింపుకున్నారు. అందరూ మాస్కులే. ఎవరేం అడిగారో నాకు ఒక్క ముక్క తెలియలేదు. జవాబు చెప్పడం లేదని ఒకామె నా బుగ్గ మీద తట్టింది, మతి పోయిందనుకుంది. చెవి చూపించి చేత్తో రాసినట్టు చేస్తే అప్పుడు కాగితం ఇచ్చింది. నర్సు మీటరును చేతి వేలికి పెట్టింది, నేను గోరింటాకు చూపించి కాదన్నాను. అప్పుడు కాలికి పెట్టింది, వాళ్ళ మీటరు పట్టింది. రెండు చోట్లా డెబ్బై తొమ్మిదే.

కాగితం మీద 'మీ వాళ్ళెవరు' అని రాసి చూపించింది. నీ పేరు రాశాను. మీ అన్న పేరు రాయాలని కూడా నాకు తోచలేదు. డాక్టరని రాయలేదు, నా బిడ్డ అని రాశాను. వస్తుందా అన్నట్టు చేయి తిప్పింది. వస్తుందని తల ఊపాను. మంచం తలుపుకు ఎదురుగా ఉండేది. తెల్ల సూటు వేసుకుని ఎవరు లోపలికొచ్చినా భుజాల దగ్గర చూసేదాన్ని, లోపలికి మడిచి పిన్నీసు పెట్టి ఉందా అని. ఇరవై ఒక్క రోజులున్నాను అక్కడ. చివరి వారం నేనెక్కడున్నానో నీకు తెలుసు, అప్పుడూ రాలేదు. దొరికిన రోజు వస్తానని రాశావు. మీ అన్నకు మంచం కావలసిన రోజున నీకు తీరిక దొరికింది. నాకు కోపం వచ్చింది ప్రభా. నువ్వు రాసిన తప్పులన్నిటికంటే దీనికే ఎక్కువ వచ్చింది.

ఫ్యాక్టరీకి ఇక రావద్దన్నారు. వచ్చినా మిషను పెడలు తొక్కలేను. ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు ఆగాను. మీ అన్న మంచివాడే, కాదనను. పొద్దున కాఫీ ఆయనే కలుపుతున్నాడు. నా మొహం మాత్రం చూడడు.

నువ్వు అడిగిన ముక్క రాద్దామనే ఇవాళ పొద్దున కలం తీశాను. పెంచిన చేయి కదా, ఎన్నాళ్ళు బిగపట్టుకుంటుంది. ముందు నీళ్ళు తెచ్చుకుందామని కిందికి పోయాను. చిన్న బిందెతో పైకి వస్తూ నాలుగో మెట్టు మీద కూలబడ్డాను. ఊపిరి అందలేదు. కళ్ళకు చీకట్లు కమ్మాయి. మీ అన్న గుమ్మంలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఇంట్లోనే కాబట్టి మాస్కు లేదు. చాలా రోజుల తర్వాత ఒక మనిషి పెదాలు నాకు శుభ్రంగా కనిపించాయి. "ఆఁ, బాగుండాది. ఇంట్లో పని చేసుకుంటా ఉండాది. ఏమీ తొందర లేదు" అన్నాడు. నేను అతనికి అయిదు మెట్ల కింద ఉన్నాను. ఫోను జేబులో పెట్టుకుని నన్ను చూసి, "ఆసుపత్రోళ్ళు, నీ గురించే అడిగినారు" అన్నాడు. ఎవరో పేరు చెప్పలేదు, అవతలి గొంతు నాకు వినిపించదు.

ఊపిరి అందాక నేను లేచి వచ్చి మళ్ళీ కాగితం ముందు కూర్చున్నాను. నువ్వడిగిన ముక్క రాసే ముందు నాకు ఒక్క సంగతి తెలియాలి. మీ అన్నను అడగను, నిన్నే అడుగుతున్నాను.

ఈ వారం నీది వార్డు డ్యూటీనా, ఫోను డ్యూటీనా?

అనసూయ